మంచు మైదానంలో నా కెమెరా

తెనాలిలో ముప్ఫయ్యేళ్ళకు పైబడి ఫోటో స్టూడియో నడిపినవాణ్ణి. మండుటెండలో మనిషిని నిలబెట్టి, కళ్ళు చికిలించకుండా బొమ్మ తీయటం ఎలాగో నన్నడగండి, చెబుతాను. మే నెల పెళ్ళిపందిట్లో పెళ్ళికూతురి బొట్టు చెమటకు కారి ముక్కుమీదికి వస్తూంటే, అది ఆల్బంలో కనపడకుండా చేసే ఉపాయాలూ నాకు తెలుసు. కాని చలి అనేది కెమెరాను ఏం చేస్తుందో మాత్రం డెబ్బయ్యో ఏట గాని తెలిసిరాలేదు.

మా అమ్మాయీ అల్లుడూ కెనడాలో సాస్కటూన్ అనే వూళ్ళో కాపురం వుంటున్నారు. సాస్కాచ్వాన్ రాష్ట్రంలో అదే పెద్ద వూరు. చుట్టూ వందల మైళ్ళు చదునైన గోధుమ నేల. దాన్ని ప్రెయిరీ అంటారు. కొండా లేదు, గుట్టా లేదు. ఆ చదునుమీద మంచు పరుచుకుంటే ఎలా వుంటుందో ఫోటో పుస్తకాల్లో చూసి చూసి, కాళ్ళూ చేతులూ ఆడుతున్నప్పుడే ఒకసారి నా కళ్ళతో చూడాలనుకున్నాను.

"అందరూ జూన్‌లో వస్తారు నాన్నగారూ, మీరు జనవరిలో వస్తానంటారేమిటి?" అని అమ్మాయి ఫోనులో మొత్తుకుంది. మా ఆవిడ, "ఈయన చాదస్తానికి నాకెందుకమ్మా శిక్ష?" అన్నది. అంటూనే రెండు స్వెట్టర్లు ఎక్కువ సర్దింది. 2025 జనవరిలో బయలుదేరాము.

విమానం దిగి ఇంటికి పోతూంటే ఒక వింత చూశాను. కార్లు నిలిపేచోట పొట్టి పొట్టి కరెంటు స్తంభాలు వరసగా పాతివున్నాయి. ఒక్కొక్క కారు ముక్కులోనుంచి తీగె లాగి వాటికి తగిలించారు. "పశువుల్ని కట్టేసినట్టు కట్టేశారేమిటయ్యా?" అన్నాను. రాత్రంతా ఇంజనుకు వేడిపెట్టే ఏర్పాటట. లేకపోతే తెల్లారి అది కదలదు. సున్నాకు దిగువ నలభై అంటే సెంటిగ్రేడయినా ఫారన్‌హీటయినా ఒకటేనని అల్లుడు చెప్పాడు. ఆ రెండు కొలతలకూ జన్మలో అక్కడొక్కచోటే రాజీ. మేమున్నన్నాళ్ళూ అంతదాకా పోలేదు గాని, ముప్ఫయికి దిగిన రోజులు నాలుగయిదు వచ్చాయి. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టి చీపురుపుల్లల్లాగా గుచ్చుకుంటాయి. సూర్యుడు తొమ్మిది దాటితేగాని లేవడు. సాయంత్రం అయిదింటికల్లా చాప చుట్టేస్తాడు.

మర్నాడే కెమెరా తీసుకుని నది ఒడ్డుకు పోయాను. దక్షిణ సాస్కాచ్వాన్ నది వూరి నడిమధ్యగా పారుతుంది. పారుతుందని అలవాటుకొద్దీ అన్నాను. ఆ నెలలో చాలామేర మంచుపలక కింద దాక్కుని వుంటుంది. ఆనకట్ట దగ్గర మాత్రం నీళ్ళు గడ్డకట్టక, పొగలు కక్కుతూ కిందికి దూకుతున్నాయి. ఆ ఆవిరి పోయి ఒడ్డునున్న చెట్ల కొమ్మలమీద పేరుకుని, ప్రతి రెమ్మా తెల్లటి ముళ్ళపువ్వు అయింది. ఇరవై బొమ్మలు తీసి, ఇంటికి వచ్చి చూసుకుందును గదా, మంచంతా బూడిద రంగు!

సంగతేమిటంటే, కెమెరాలో వెలుగును కొలిచే యంత్రానికి లోకమంతా మధ్యరకం బూడిదరంగుగా వుంటుందని ఒక నమ్మకం. ఎదురుగా తెల్లటిది కనబడితే, వెలుగు ఎక్కువైంది కాబోలుననుకుని తగ్గించేస్తుంది. దాని మాట వినకుండా ఒకటి రెండు స్టాపులు మనమే ఎక్కువ ఇవ్వాలి. చర్చిలో తెల్లచీరె పెళ్ళికూతురిని తీసేటప్పుడు ఈ సంగతి నాకు తెలియకపోలేదు. లోకమంతా తెల్లచీరె కట్టుకుని ఎదురొస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

రెండో పొరపాటు అంతకంటె పెద్దది. చలిలోనుంచి కెమెరాను తిన్నగా వెచ్చటి వంటింట్లోకి తెచ్చి బల్లమీద పెట్టాను. క్షణంలో దానికి చెమటలు పోశాయి. అద్దంమీదా, అద్దం వెనకా నీళ్ళు! బయటే ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, లోపలికి తెచ్చాక రెండు గంటలపాటు ముట్టుకోకూడదట. అప్పుడు నీరు సంచికి పడుతుంది గాని కెమెరాకు పట్టదు. ఇక బ్యాటరీ సంగతి సరేసరి. చలికి దాని లోపలి రసాయనం మందగించి, నిండుకుండలాంటిది కూడా చచ్చినట్టు పడుకుంటుంది. లోపలి జేబులో ఒంటి వేడికి పెట్టుకుంటే మళ్ళీ లేస్తుంది. ఈ మూడూ నేర్చుకునేసరికి వారం గడిచింది.

ఆ తరువాత దొరికిన బొమ్మలు మాత్రం నా జీవితంలో తీసినవాటిలో మంచివని చెప్పుకోవచ్చు. మన వైపు చంద్రుడికి గుడి కట్టిందంటాము చూశారూ, అక్కడ పట్టపగలు సూర్యుడికి గుడి కడుతుంది. గాలిలో తేలే మంచు పలుకులు ఆరు పలకల రేకుల్లా వుంటాయట. వాటిగుండా వెలుగు వంగి, సూర్యుడికి కుడిపక్క ఒకటీ ఎడమపక్క ఒకటీ, ఇంద్రధనుస్సు ముక్కలవంటి దొంగసూర్యుళ్ళు వెలుస్తారు. చదునునేల, ఆకాశంలో మూడు సూర్యుళ్ళు, కింద ఒంటరిగా పాత కొయ్య ధాన్యపు కొట్టు. ఒకప్పుడు రైలుపట్టాల పొడుగునా వేలకొద్దీ వుండేవట ఆ కొట్లు. ఇప్పుడు ఎక్కడో ఒకటి కనబడితే కారు ఆపి చూస్తారు. మంచుమీద దాని నీడ నల్లగా కాదు, నీలంగా పడుతుంది. అలా ఎందుకా అని తల ఎత్తితే, అంత ఆకాశం! నీడకు రంగు పూసింది ఆ ఆకాశమే.

ఒక ఆదివారంనాడు అల్లుడు, "మావయ్యగారూ, బంగాళాదుంపలకు కాలనీకి పోదాం రండి, మీకు ఫోటోలు దొరుకుతాయి," అని తీసుకుపోయాడు. హట్టరైట్లు అనే క్రైస్తవ శాఖవారి కాలనీ అది. వీళ్ళ మతగురువు యాకోబ్ హుట్టర్‌ను 1536లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో సజీవంగా తగలబెట్టారు. అక్కణ్ణించి వీళ్ళు దేశాలు పట్టి తిరిగి, రష్యాలో కొన్నాళ్ళుండి, 1870ల్లో అమెరికా చేరారు. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరమంటే తుపాకి పట్టమన్నారు. 1918లో ఇద్దరు అన్నదమ్ములు నిర్బంధంలో చనిపోయాక, చాలామంది సరిహద్దు దాటి కెనడా వచ్చేశారు. కాలనీకి నూరూ నూటయాభైమంది. ఎవరికీ సొంత ఆస్తి లేదు. పొలం అందరిదీ, వంటా అందరిదీ. భోజనాల శాలలో మొగవాళ్ళొక పక్క, ఆడవాళ్ళొక పక్క కూర్చుంటారు. మా ఆవిడకు ఆ ఏర్పాటు తెగ నచ్చింది, వంట వంతులవారీగా వస్తుందని తెలిసి.

కొట్టు ముందర ఒక ముసలమ్మ, చుక్కల గుడ్డ తలకు కట్టుకుని, మంచులో దుంపల బుట్ట పట్టుకు నిలబడింది. ముఖంలో ఎన్ని గీతలో, ఎంత వెలుగో! నా చెయ్యి దానంతటదే కెమెరామీదికి పోయింది. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. మెల్లిగా ముఖం తిప్పుకుని, బుట్టను మాత్రం నాకేసి చాచింది. దుంపల్ని తీసుకోమన్నట్టు.

నాకేమీ కొత్త అనిపించలేదు. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మా నాయనమ్మ బతికినన్నాళ్ళూ కెమెరాకు దొరకలేదు. ఫోటో స్టూడియో పెట్టిన మనవడి ఇంట్లో ఆవిడ బొమ్మ లేదు. హట్టరైట్లది ఆయుష్షు భయం కాదు. ప్రతిమలు చేయరాదన్న బైబిలు ఆజ్ఞను వాళ్ళలో కొందరు ఫోటోకు కూడా వర్తింపజేస్తారు. అందరూ కాదు. అదే కాలనీలో ఒక కుర్రవాడు చూడకుండా ఫోను తీసి తన ట్రాక్టరు బొమ్మ నాకు చూపించాడు.

వచ్చేదారిలో అల్లుడు ఒక కేసు సంగతి చెప్పాడు. పక్క రాష్ట్రం ఆల్బర్టాలో లెత్‌బ్రిడ్జ్ దగ్గర విల్సన్ కాలనీ అని వుంది. ఆ రాష్ట్రంలో 1974 నుంచీ, మతకారణాన వద్దనేవాళ్ళకు ఫోటో లేకుండానే డ్రైవింగ్ లైసెన్సు ఇస్తూ వచ్చారు. 2003లో దొంగ గుర్తింపులు అరికట్టాలని, ఫోటో అందరికీ తప్పనిసరి చేశారు. అప్పటికి ఫోటో లేని లైసెన్సులు మొత్తం నాలుగువందల యాభై చిల్లర. అందులో సగానికి పైగా హట్టరైట్లవి. ఫోటో తీసి కవరులో పెట్టి సీలు వేస్తామన్నది ప్రభుత్వం. తీయటమే పాపమన్నారు వీళ్ళు. గుర్తింపుకు పనికిరాదని లైసెన్సుమీద అచ్చు వేయండి, మాకభ్యంతరం లేదన్నారు. కుదరలేదు. 2009 జులైలో కెనడా సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా తీర్పు చెప్పింది. ప్రభుత్వానిదే గెలుపు. కావాలంటే బయటి డ్రైవర్లను కూలికి పెట్టుకోవచ్చునని నలుగురి మాట. తమ పనులు తామే చేసుకుని బతికేవాళ్ళను అలా పరాధీనులను చేయటం చిన్న నష్టం కాదనీ, అసలు లైసెన్సే లేనివాళ్ళు ఆ రాష్ట్రంలో ఏడు లక్షలమంది వుండగా ఈ కొద్దిమంది బొమ్మలవల్ల ఒరిగేదేమిటనీ ముగ్గురి మాట. నా మట్టుకు నాకు ఆ ముగ్గురి మాటే సబబుగా తోచింది. నా కెమెరాకు ఆ ముసలమ్మ ముఖం దక్కలేదు, నిజమే. అంతకు మించి ఎవరికి ఏం పోయింది?

ఇలా ఇతరుల మనస్సాక్షి విషయంలో చాలా ఉదారంగా ఆలోచించుకుంటూ ఇల్లు చేరాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మాయి అన్నది: "నాన్నగారూ, మా హాస్పిటల్లో నర్సమ్మాయి పెళ్ళి వచ్చే శనివారం. ఫోటోలు తీసే అతను జ్వరపడ్డాడట. మీరు తీస్తారా?"

"దానికేం భాగ్యం? పెళ్ళికొడుకు ఏం చేస్తుంటాడు?"

"పెళ్ళికొడుకు లేడు నాన్నగారూ. ఇద్దరూ అమ్మాయిలే. ఆ రెండో అమ్మాయి బళ్ళో టీచరు."

ఆ దేశంలో అలాంటి పెళ్ళిళ్ళు 2005 నుంచి చట్టసమ్మతమని పేపర్లో చదివినవాణ్ణే. మన దేశంలో 2018లో అది నేరం కాదన్న సుప్రీంకోర్టు, 2023లో పెళ్ళిగా గుర్తించటం మాత్రం తమ చేతిలో లేదన్నదనీ చదివాను. చదవటం వేరు, పెరుగన్నం ముద్ద చేతిలో వుండగా వినటం వేరు. "ఈ చలికి నా కెమెరా..." అని మొదలుపెట్టాను.

మా ఆవిడ తల ఎత్తకుండా, "రీలు అయిపోయిందని చెప్పండి," అన్నది.

అమ్మాయికి అర్థం కాలేదు. "డిజిటల్ కెమెరాకు రీలేమిటమ్మా?" అని నవ్వింది. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

ఇక్కడ ముప్ఫై తొమ్మిదేళ్ళు వెనక్కి పోవాలి. 1986లో, ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. స్టూడియోకు ఒక జంట వచ్చింది. ఇద్దరి చేతుల్లోనూ కాగితంలో చుట్టిన దండలు. రిజిస్ట్రారు దగ్గర సంతకాలు చేసి తిన్నగా వస్తున్నారు. అబ్బాయి క్రైస్తవుడు, మాలపల్లివాడు, బడిపంతులు. అమ్మాయి మావాళ్ళ పిల్ల, రైసుమిల్లుగారి అమ్మాయి. దండలతో ఇద్దరూ కలిసివున్న ఫోటో ఒకటి కావాలి. పోలీసుస్టేషనుకు పోవలసివస్తే చూపించుకోవటానికి. నా యాషికా కెమెరాలో అప్పుడే ఎక్కించిన రీలు వుంది. సొరుగులో ఇంకో రెండున్నాయి. "రీలు అయిపోయింది బాబూ, గుంటూరు వెళ్ళండి," అన్నాను.

ఆ రోజున నాకు నేను చెప్పుకున్నది, ఇది ఆచారానికి విరుద్ధం, నా చేత్తో దీనికి సాక్ష్యం చెప్పలేను అని. అబద్ధమని అనను. అలా పెరిగినవాణ్ణే. కాని ఆ ఏడు మిల్లుగారి బంధువర్గంలో మూడు పెళ్ళిళ్ళున్నాయి. మూడూ నాకే మాట ఇచ్చివున్నారు. ఆ రెంటిలో ఏది ఎంతపాలు అని ఇవాళ అడిగితే, డార్క్‌రూంలో కలిపిన మందునీళ్ళలాగా, విడదీసి చెప్పలేను. వాళ్ళు గుంటూరు బస్సు ఎక్కబోతూంటే పిల్ల అన్నలు వచ్చి పట్టుకుపోయారు. నాలుగు నెలల తరవాత ఆ పిల్ల మళ్ళీ వెళ్ళిపోయిందని, ఎక్కడో సుఖంగానే వున్నారని తరవాత విన్నాను. నా ఫోటో వుంటే ఆ అన్నలు ఆగేవారా? పోలీసులు చూసి పట్టించుకునేవారా? ఏమో. తెర వెనక నిలబడి, సొరుగులో రీళ్ళు చూసిన మా ఆవిడ మాత్రం అప్పుడేమీ అనలేదు. అది దాచివుంచి, సాస్కటూన్‌లో అన్నది.

మర్నాడు వూరి గ్రంథాలయానికి పోయి కూర్చున్నాను. అక్కడ ఎవరయినా పోయి వెచ్చగా చదువుకోవచ్చు. ఈ రాష్ట్రంలోనే ఇలాంటి కేసు జరిగిందని తెలిసింది. ఇక్కడ గుడి పెళ్ళి వద్దనుకునేవాళ్ళకు పెళ్ళి చేయించటానికి ప్రభుత్వం కమిషనర్లను నియమిస్తుంది. 2004 నవంబరులో ఇక్కడి కోర్టు ఇద్దరు మగవాళ్ళయినా ఇద్దరు ఆడవాళ్ళయినా పెళ్ళాడవచ్చునన్నది. 2005లో ఒకాయన ఫోను చేస్తే, రెజైనా వూళ్ళోని ఒక కమిషనరు, నా మతవిశ్వాసం ఒప్పుకోదు, నేను చేయించలేను అన్నాడు. రెండేళ్ళుగా కాదు, ఇరవై ఏళ్ళకు పైగా ఆ పని చేస్తున్న పెద్దమనిషి. మానవహక్కుల న్యాయస్థానం 2008లో ఆయనకు 2,500 డాలర్లు పరిహారం వేసింది. పై కోర్టూ సరేనన్నది. అప్పుడు ప్రభుత్వం, ఇలాంటి కమిషనర్లకు మినహాయింపు ఇస్తూ రెండు బిల్లుల నమూనాలు రాసి, ఇవి చెల్లుతాయా అని అప్పీలు కోర్టునే అడిగింది. 2011 జనవరిలో అయిదుగురు జడ్జీలూ చెల్లవన్నారు. ప్రభుత్వం తరఫున కుర్చీలో కూర్చున్నవాడు, వచ్చిన మనిషిని చూసి తలుపు వేయరాదని సారాంశం. చర్చి ఫాదరీల సంగతి వేరు. వాళ్ళు తమ మతానికి సరిపడని పెళ్ళి చేయించనక్కరలేదని దేశచట్టంలోనే వుంది.

ఆ తీర్పులో నన్ను ఆపిన సంగతి ఒకటుంది. పెళ్ళికి దరఖాస్తులన్నీ ఒకే కార్యాలయానికి వచ్చేట్టు చేసి, ఎవరికి ఏ కమిషనరు అన్నది లోలోపలే సర్దితే, జంటకు కాదనిపించుకునే అవమానమూ వుండదు, కమిషనరుకు ఇబ్బందీ వుండదు గదా అని ఒక జడ్జి ప్రస్తావించారు. అంటే మనస్సాక్షిని తోసిపారేయలేదన్నమాట. దాని ఖర్చు ఎదుటివాడి నెత్తిన వేయకుండా దారి వుందేమో చూడమన్నారు. మొత్తానికి ఈ రాష్ట్రానికి ఈ తగువు కొత్త కాదు. మతస్వేచ్ఛా, మతం జాతి చూసి తలుపు వేయరాదన్న నియమమూ, రెండూ 1947లో ఇక్కడ చేసిన ఒకే హక్కుల చట్టంలో పక్కపక్కనే వున్నాయి. కెనడాలో అలాంటి చట్టం అదే మొదటిది. రెండు ఎద్దుల్ని ఒకే కాడికి కట్టారు. అవి అప్పుడప్పుడూ చెరోవైపూ లాగుతాయి.

ఇక నావంటి ఫోటోగ్రాఫర్ల సంగతి అమెరికాలో తేలింది. తేలిందంటే, తేలీ తేలనట్టు. న్యూమెక్సికోలో ఒక స్టూడియోవారు 2006లో ఇద్దరు స్త్రీల వేడుకకు ఫోటోలు తీయమన్నారు. కొట్టు తెరిచి వ్యాపారం చేసేవాడు అలా అనరాదని 2013లో ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరుసటి ఏడు దేశపు సుప్రీంకోర్టు ఆ కేసు వినలేదు. అదే కోర్టు 2023లో కొలరాడోలో పెళ్ళి వెబ్‌సైట్లు చేయాలనుకున్న ఒకావిడ విషయంలో, ఆమె చేసేది ఒకరకం మాట్లాడటమే గనుక, ఇష్టంలేని మాట ఆమెచేత ఆడించరాదని ఆరుగురు ముగ్గురుగా చెప్పింది. ఫోటో తీయటం వ్యాపారమా, మాట్లాడటమా? పాస్‌పోర్టు సైజు నాలుగు కాపీలకు మాట్లాడటమేముంది! మరి నది ఒడ్డున ఆ ముళ్ళపువ్వుల కొమ్మ? అది నా మాటే. ఈ చిక్కు విడదీయటం నావల్ల కాలేదు. నాకు తెలిసిందల్లా, 1986లో నేను కోర్టుకు చెప్పుకోదగిన పెద్దమాట ఏదీ అనలేదని. రీలు లేదన్నాను, అంతే.

ఇంటికి వచ్చి, తీస్తానని చెప్పాను. మా ఆవిడ ఏమీ అనలేదు. రెండో బ్యాటరీ చార్జికి పెట్టింది.

శనివారం సున్నాకు దిగువ ఇరవై ఆరు. వూరికి దూరంగా, పొలాల మధ్య ఒక చిన్న హాలు. కమిషనరు నెరిసిన జుట్టు ఆవిడ. ఓవర్‌కోటు విప్పి, కళ్ళజోడు తుడుచుకుని, పావుగంటలో పెళ్ళి చేయించింది. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టారు. అందులో మా అమ్మాయి ఒకతె! ఆ సంగతి నాకు ముందు చెప్పనేలేదు.

బయట మంచులో నాలుగు ఫోటోలు కావాలన్నారు పెళ్ళికూతుళ్ళు. తెల్లటి నేల, ఇద్దరివీ తెల్లటి గౌనులు. ఈసారి యంత్రం మాట వినలేదు, రెండు స్టాపులు ఎక్కువే ఇచ్చాను. మూడు బొమ్మలు తీశానో లేదో, కెమెరా కన్ను మూసింది. రెండో బ్యాటరీ లోపలి జేబులో పెట్టుకోవలసింది, తొందరలో సంచిలోనే వదిలాను. అదీ చచ్చింది. కారులో వేడి చేద్దామంటే అల్లుడు హాలు లోపల వున్నాడు. దగ్గరలో వున్నదల్లా ఎర్రటి ట్రక్కు ఒకటి, ఇంజను ఆడుతూ, పొగ వదులుతూ.

ఆ ట్రక్కు ఎవరిదో మా అమ్మాయి ముందే చెప్పింది. టీచరమ్మాయి తండ్రిది. రైతు, తన చర్చిలో పెద్ద. ఇది పెళ్ళి కాదని ఆయన విశ్వాసం. హాలులో అడుగు పెట్టనన్నాడు. పెట్టమని కూతురూ అడగలేదు. కాని భార్యను మంచురోడ్డుమీద ఇంకెవరి కారులోనో పంపటం ఇష్టంలేక తానే తీసుకువచ్చి, బయట కూర్చున్నాడు.

పోయి అద్దం మీద కొట్టాను. బ్యాటరీ చూపించాను. మాట్లాడకుండా తలుపు తీసి, రెండు బ్యాటరీలూ తీసుకుని వేడిగాలి వచ్చేచోట పెట్టాడు. పక్కన కూర్చున్నాను. కాసేపటికి, "ఏ దేశం?" అన్నాడు. ఇండియా అన్నాను. "మా పొలంలో ఎర్ర కందులలాంటివి వేస్తాను. మీ దేశానికే పోతాయి," అన్నాడు. మసూర్ పప్పు సంగతి అని కాసేపటికి గాని నాకు తట్టలేదు. మా వైపు వరి అని చెప్పాను. అంత నీరు ఎక్కణ్ణించి వస్తుందని అడిగాడు. కృష్ణ కాలవ సంగతి చెప్పాను. అద్దంలోనుంచి, మంచులో ఒకరినొకరు పట్టుకుని వణుకుతున్న ఆ ఇద్దరూ కనబడుతూనే వున్నారు. ఆయన చూడనట్టే చూస్తున్నాడు.

బ్యాటరీలు వెచ్చబడ్డాయి. దిగబోతూంటే, "ఇంకా ఎంతసేపు?" అన్నాడు.

"పది నిమిషాలు."

"మా అమ్మాయికి చిన్నప్పటినుంచీ చెవినొప్పి. టోపీ పెట్టుకోమని చెప్పండి," అన్నాడు. నేను చెప్పినట్టు చెప్పమన్నాడు, తాను చెప్పినట్టు కాదు.

నేను చెప్పినట్టే చెప్పాను. ఆ పిల్ల ఒక్క క్షణం ట్రక్కుకేసి చూసి, కోటు జేబులోనుంచి ఉన్ని టోపీ తీసి, తలలో పువ్వులమీదనే పెట్టుకుంది. కెమెరా పనిచేసింది. ట్రక్కుకేసి మాత్రం గురిపెట్టలేదు.

రాత్రి ఇంట్లో బొమ్మలు చూస్తూంటే, ఒకదానిలో ఓ మూల, అంత తెలుపు మధ్య, ఎర్రటి ట్రక్కు పడనే పడింది. లోపల మనిషి కనబడడు. పొగ మటుకు కనబడుతోంది. కావాలంటే ఆ మూల కత్తిరించి పంపుతానని అమ్మాయిచేత ఫోను చేయించాను.

వద్దన్నదట. దాన్నే పెద్దది వేసి ఇమ్మన్నదట.